నాలుగవ సంచిక: కాకినాడ నుండి వెళ్ళిన ఉత్తరం, మన పాత తప్పు, మూడు ఫారాలు

విజ్ఞానశాస్త్ర చరిత్ర మీద మేము ముగ్గురం మిత్రులం సొంత ఖర్చుతో ఏడాదికి రెండుసార్లు తెచ్చే ఎకసెక్కపు పరిశోధన పత్రిక నాలుగవ సంచిక నిన్న సాయంత్రం ముద్రణకు వెళ్ళింది. నలభై ఎనిమిది పేజీలు, అంటే మూడు ఫారాలు. డెమ్మీ 1/8 సైజు, 70 జీఎస్ఎం మ్యాప్‌లితో కాగితం, సెంటర్ పిన్, 120 ప్రతులు. ఒక్కొక్క ప్రతికి 46 రూపాయలు పడుతున్నది, వెల 60 రూపాయలు. మిగిలే పద్నాలుగు రూపాయలను కవరూ తపాలా కలిసి మింగేస్తాయి కనుక లాభనష్టాల పద్దు రాయడం మొదటి సంచికతోనే మానుకున్నాము.

ఈసారి ముఖ్య వ్యాసం మా రెండవ సంచికకు సవరణ. అందులో ‘హీలియం మన గుంటూరు బిడ్డ’ అని అట్ట మీద పెద్ద అక్షరాలతో వేసింది నేనే. బాపట్ల వైపు నుండి విశ్రాంత భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు ఒకరు పోస్టుకార్డు మీద ఒకే ఒక వాక్యం రాశారు: ‘ఇది ఏ పేజీలో ఉన్నదో తెలుపగలరు.’ అది ఏ పేజీలోనూ లేదు. నాలుగు నెలలు గాలించిన తరువాత తేలిన సంగతి ఇది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణాన్ని గుంటూరులో పరిశీలించిన ఫ్రెంచివాడు జూల్ జాన్సెన్, సూర్యుడి అంచున లేచే జ్వాలల వర్ణపటంలో, అంటే వాటి వెలుగును రంగులుగా విడదీసిన పట్టీలో, కాంతివంతమైన గీతలను చూసి, అవి వాయువులనీ ముఖ్యంగా హైడ్రోజన్ అనీ గ్రహించాడు. గ్రహణం లేకుండానే వాటిని చూడవచ్చని తోచి, మర్నాడే చూశాడు. కొత్త మూలకం ఊసే అతడు ఎత్తలేదు. జ్వాలల్లోని పసుపు గీత సోడియం వారి ‘డి’ గీతతో సరిగ్గా కలవడం లేదన్న అనుమానం మచిలీపట్నంలో ఉన్న మద్రాసు వేధశాల అధిపతి పాగ్సన్‌కు కలిగింది. ఇంగ్లండులో నార్మన్ లాకియర్ అక్టోబరు 20న గ్రహణం లేకుండానే జ్వాలలను చూసి, ఆ గీత వెంటపడి, అది భూమి మీద ఎరుగని పదార్థానిదని వాదించాడు; ఆ పదార్థమే హీలియం. విలియం రామ్‌సే 1895లో క్లీవైట్ ఖనిజం నుండి ఆ వాయువును రాబట్టే వరకు దానికి భూమి మీద చిరునామా లేదు.

ఈ వ్యాసంలో నాకు అన్నిటికన్న ఇష్టమైన భాగం తపాలాది. గుంటూరులో చూసిన వింతను జాన్సెన్ ప్యారిస్‌లోని సైన్సు అకాడమీకి వివరంగా రాసిన ఉత్తరం మీద ఉన్న ఊరు కాకినాడ, తేదీ సెప్టెంబరు 19. అంటే నెల రోజులు ఆలస్యం. ఆ ఉత్తరం ఓడలెక్కి దిగి అక్టోబరు 26 నాటి సమావేశానికి చేరగా, లాకియర్ కబురు కూడా అదే సమావేశంలో అందింది. ఘనత ఇద్దరికీ పంచి, ఒకే పతకం మీద ఇద్దరి బొమ్మలూ పోశారు. మా సంపాదకవర్గం ఈ ఉదంతాన్ని ఆలస్యంగా వ్యాసాలు పంపేవారికి హెచ్చరికగా వాడుకుంటున్నది.

అదే గ్రహణానికి మద్రాసు వేధశాల నుండి వనపర్తికి వెళ్ళిన బృందానికి నాయకుడు చింతామణి రఘునాథాచారి. ఇతని గురించి రాస్తున్నప్పుడు మా పత్రిక మొదటి సంచిక నుండి దాటవేస్తున్న చిక్కు బయటపడింది. తెలుగులో ఎకసెక్కమైనా భక్తి అయినా క్రియాపదంలోనే దాగి ఉంటుంది. ‘న్యూటన్ కనుగొన్నాడు’ అని ఏ మాత్రం జంకకుండా రాసే చేతితోనే ‘రామన్ కనుగొన్నారు’ అని రాస్తాము; క్యూరీ దగ్గరికి వచ్చేసరికి ‘కనుగొన్నది’ అంటే రాయినీ రప్పనూ అన్నట్టు వినిపిస్తున్నదని ఒకరు, ‘కనుగొన్నారు’ అంటే ఆమెకొక్కతెకే ఎందుకని మరొకరు వాదించారు. రెండు ఆదివారాలు ఇందుకే ఖర్చయ్యాయి. చివరికి కుదిరిన నియమం: మరణించి యాభై ఏళ్ళు దాటినవారు ఏ దేశస్థులైనా ‘డు’, స్త్రీలయితే ‘ది’, జీవించి ఉన్నవారికీ, మరణించి ఇంకా యాభై ఏళ్ళు నిండనివారికీ ‘రు’. అందువల్ల ఎల్లాప్రగడ సుబ్బారావు ఈ సంచికలో ‘కనుగొన్నాడు’. కోపగించుకునే ఉత్తరాల కోసం 48వ పేజీలో అర కాలమ్ ముందే కేటాయించాము.

రెండవ నియమం పోస్టుకార్డు పుణ్యం. వెక్కిరింత ఉన్న ప్రతి వాక్యానికీ రచయిత మూలగ్రంథపు పేజీ ఫోటో జతచేయాలి. పొగడ్తకు అక్కరలేదు, దానిని ఎటూ కొట్టివేస్తాము. జాన్సెన్ ఉత్తరం ఫ్రెంచి జాతీయ గ్రంథాలయం వారి ‘గాలికా’ అనే ఆన్‌లైన్ భాండారంలో, అదే గ్రహణానికి గుంటూరులోనే విడిది చేసిన బ్రిటిష్ పరిశీలకుడు టెనెంట్ నివేదిక రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ సంపుటంలో ఉచితంగానే దొరికాయి. ఫ్రెంచి చదివేవారు మాలో ఎవరూ లేరు; యంత్రానువాదం చేయించి, సందేహం వచ్చిన పదకొండు వాక్యాలను మాత్రం ఒక ఫ్రెంచి ఉపాధ్యాయురాలికి చూపించాము. వాటిలో మూడు పూర్తిగా తలకిందులుగా ఉన్నాయి.

ముద్రణ పనిలో ఈసారి కొంత నేర్చుకున్నాము. మూడవ సంచికను యూనికోడ్‌లో ఇస్తే, ప్రెస్సువారు దానిని ‘అను’ అనే పాత పద్ధతి ఫాంట్లలోకి మార్చి, పేజీలు కట్టే పేజ్‌మేకర్‌లో పెట్టినప్పుడు ఒత్తులు కొన్ని ఎగిరిపోయి, ‘వర్ణపటం’ నాలుగు చోట్ల ‘వరపటం’ అయింది. ఈసారి లిబ్రే ఆఫీసులో మేమే పేజీలు కట్టి, ఫాంట్లు పొదిగిన పీడీఎఫ్ మాత్రమే పంపాము. అక్షరం 12 పాయింట్లు, పంక్తికీ పంక్తికీ 18 పాయింట్లు. అంతకన్న బిగిస్తే పై పంక్తి ఒత్తులు కింది పంక్తి గుడిదీర్ఘాలకు తగులుతున్నాయి. గ్రహణపు చిత్రం లేజరు ముద్రణలో నల్లని రొట్టెలా వచ్చినందున దానిని గీతల బొమ్మగా గీయించుకున్నాము.

రిజిస్ట్రేషను గురించి అడిగినవారికి ఒక మాట. 2023 నాటి పత్రికల చట్టం వార్తలూ వాటి మీద వ్యాఖ్యలూ ఉండే పత్రికలకు వర్తిస్తుంది. శాస్త్రీయ, విద్యావిషయక పత్రికలను అది మినహాయించింది. మమ్మల్ని గంభీరమైన పండితులుగా గుర్తించినది ఇంతవరకు ఆ చట్టం ఒక్కటే. పత్రికలకు ఇచ్చే అంతర్జాతీయ గుర్తింపు సంఖ్య ఐఎస్ఎస్ఎన్‌కు రుసుము లేదు, ఢిల్లీలోని జాతీయ కేంద్రానికి దరఖాస్తు చేయాలి. మాది ఇంకా అట్ట నమూనా దగ్గరే ఆగి ఉన్నది.

అయిదవ సంచికకు హైదరాబాదు క్లోరోఫారం కమిషన్లు (ఆ మత్తుమందు ప్రాణం ఎలా తీస్తుందో తేల్చడానికి వేసినవి), 1888, 1889. రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ, నిజాం సొమ్ము, లండన్ నుండి వచ్చిన వైద్యుడు లాడర్ బ్రంటన్, ప్రాణాలు పోగొట్టుకున్న కుక్కలు. క్లోరోఫారంతో ముందు ఊపిరే ఆగుతుంది కాని గుండె కాదన్న వారి తీర్పును 1911లో గుడ్‌మన్ లెవీ దెబ్బతీశాడు. ఎకసెక్కానికి సరుకు పుష్కలం, కాని కుక్కల పేజీలను నవ్వుతూ రాయలేకపోతున్నాను; ఆ భాగం మిత్రుడికి అప్పగించాను.

శనివారం ప్రతులు వస్తాయి. మొదటిది బాపట్ల వైపుకు వెళ్తుంది, 17వ పేజీలో ఒక కాగితపు ముక్క పెట్టి.