డాలస్ నుంచి న్యూజెర్సీకి ఒక పిస్తోలు: నా అనుభవం

మా పాప పాకడం మొదలుపెట్టిన నెలలోనే, 2023 వేసవిలో, ఇంట్లో ఉన్న గ్లాక్ 19 పిస్తోలును అమ్మేయాలని నేనూ మా ఆవిడా అనుకున్నాం. అది తాళం వేసిన ఇనప పెట్టెలోనే ఉండేది. అయినా రాత్రి మెలకువ వస్తే లేచి వెళ్లి తాళం లాగి చూసుకునేవాణ్ణి.

కొనేవాడు వెంటనే దొరికాడు. గుంటూరులో నాతో ఇంజనీరింగ్ చదివిన స్నేహితుడు న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉంటాడు. "బావా, డిసెంబరులో ఎలాగూ వస్తున్నావు కదా, అప్పుడు తెచ్చెయ్. డబ్బు ఈ రోజే పంపిస్తాను" అన్నాడు. ఇద్దరం అమెరికా పౌరులం, ఇద్దరి మీదా ఏ కేసూ లేదు, ఇరవయ్యేళ్ల స్నేహం. ఇందులో తప్పేముందని నాకూ అనిపించింది.

తప్పే, అదీ చిన్నది కాదు. తుపాకుల వ్యాపారానికి లైసెన్సు (డీలరు లైసెన్సు) లేని వ్యక్తి, వేరే రాష్ట్రంలో నివసించే అలాంటి మరో వ్యక్తికి నేరుగా తుపాకి అమ్మడాన్ని 1968 నాటి ఫెడరల్ చట్టం నిషేధించింది. ఊరికే ఇవ్వడం కూడా నేరమే. తెలిసి చేస్తే అయిదేళ్ల వరకు జైలు. తండ్రి వేరే రాష్ట్రంలో ఉన్న కొడుక్కి కానుకగా ఇచ్చినా ఇదే నియమం. వీలునామా వల్లనో వారసత్వంగానో వచ్చినదానికి మినహాయింపు ఉంది. టెక్సాస్‌లో మా పక్కింటాయనకు అమ్మితే ఏ తనిఖీ అక్కర్లేదు. ఆ అలవాటుతోనే నేను పొరబడ్డాను.

డాలస్‌లో ఉంటూ ఈ చట్టాన్ని చాదస్తం అనలేను. 1963లో ఇక్కడే కెన్నెడీని కాల్చిన ఆస్వాల్డ్, రైఫిల్‌ను షికాగో నుంచి, రివాల్వర్‌ను లాస్ ఏంజెలెస్ నుంచి దొంగ పేరుతో ఆర్డరు పెట్టి తెప్పించుకున్నాడు. కొనేది ఎవరో ముఖం చూసినవాడు లేడు. ఆ ఖాళీని పూడ్చడానికే ఇన్ని కాగితాలు.

రైఫిలైతే, రెండు రాష్ట్రాల చట్టాలూ ఒప్పుకుంటే, మా వాడు టెక్సాస్ వచ్చి ఇక్కడి దుకాణంలోనే తీసుకోవచ్చు. పిస్తోలుకు ఆ వీలు లేదు. అది కొనేవాడి సొంత రాష్ట్రంలోని లైసెన్సు డీలరు చేతి మీదుగానే వెళ్లాలి. అప్పటి నిబంధనల ప్రకారం నాలాంటివాడు దాన్ని తపాలాలో పంపకూడదు. కొరియర్ సంస్థలు డీలర్ల నుంచి తప్ప తీసుకోవు. కాబట్టి మా ఊరి డీలరు దగ్గరికి వెళ్లాను. ఆయన ఎడిసన్ వైపు డీలరు లైసెన్సు ప్రతి తెప్పించుకుని, సీరియల్ నంబరును తన పుస్తకంలో ఎక్కించి, అప్పుడు నన్నో ప్రశ్న అడిగాడు: "మ్యాగజైన్లు ఎన్ని తూటాలవి?"

మ్యాగజైన్ అంటే తూటాలు నింపి పిస్తోలులో దూర్చే డబ్బీ. నావి పదిహేను తూటాలవి. న్యూజెర్సీలో పదికి మించి పట్టే మ్యాగజైన్ దగ్గర ఉంచుకోవడమే నేరం. పిస్తోలుతో పాటు పెట్టెలో వచ్చినవే కదా అని నేను అలాగే పంపి ఉంటే నా స్నేహితుణ్ణి చేజేతులా ఇరికించేవాణ్ణి. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. మ్యాగజైన్లు అక్కడే అమ్మేశాను.

మా వాడి వైపు ఇంకా ఆలస్యమైంది. న్యూజెర్సీలో ఒక్కో పిస్తోలుకు ఒక్కో కొనుగోలు పర్మిట్ కావాలి. స్థానిక పోలీసులకు దరఖాస్తు పెట్టి, వేలిముద్రలిచ్చి, తన గురించి చెప్పగల ఇద్దరి పేర్లు రాయాలి. అది చేతికి రావడానికి రెండు నెలలకు పైగా పట్టింది. వచ్చేసరికి అతనికి ఇండియా ప్రయాణం పడింది. "మా తమ్ముడు వెళ్లి తెచ్చుకుంటాడులే" అన్నాడు. ఆ తమ్ముడు హెచ్1బి మీద ఉన్నాడు.

ఫోనులోనే గట్టిగా వద్దన్నాను. తాత్కాలిక వీసా మీద ఉన్నవాళ్లు, వేట లైసెన్సు లాంటి కొద్దిపాటి మినహాయింపులు తప్ప, తుపాకిని దగ్గర పెట్టుకోవడమే ఫెడరల్ నేరం. ఆ కుర్రవాడు ఇన్నేళ్లు కూడబెట్టుకున్న గ్రీన్‌కార్డు ఆశంతా ఒక్క మధ్యాహ్నంలో పోయేది. పైగా డీలరు దగ్గర నింపే 4473 ఫారం, అసలు కొనేది నువ్వేనా అని సూటిగా అడుగుతుంది. అక్కడ అబద్ధం రాయడం వేరే నేరం. మన వాళ్ల ఇళ్లలో పౌరులు, గ్రీన్‌కార్డువాళ్లు, వీసావాళ్లు ఒకే కప్పు కింద ఉంటారు; ఒకరికి చెల్లేది మరొకరికి చెల్లదు. ఇది మాత్రం దయచేసి గుర్తుంచుకోండి.

పర్మిట్ 90 రోజులు చెల్లుతుంది కాబట్టి అతను తిరిగొచ్చేదాకా పిస్తోలు డీలరు దగ్గరే ఉంది. వచ్చాక స్వయంగా వెళ్లి ఫారం నింపాడు, రాష్ట్ర పోలీసుల తనిఖీ ముగిసింది, ఆ సాయంత్రమే ఫోను చేశాడు. "అందింది బావా. పది తూటాల మ్యాగజైన్లు ఇక్కడే కొన్నాను."

సీరియల్ నంబరున్న రసీదును ఇనప పెట్టెలో, పాప జనన ధ్రువపత్రం పక్కన పెట్టాను.