ఎగరడం కన్నా ముందు దిగడం

విశాఖలో అమ్మాయిలకు వాలీబాల్ నేర్పే నేను, వాళ్లు ఎగిరే ఎత్తు పెంచాలన్న తొందరలో మొదట్లో వారానికి ఐదు రోజులు ప్లయోమెట్రిక్ సాధన (దూకి దిగిన వెంటనే మళ్లీ ఎగిరే కసరత్తు) చేయించి ఇద్దరికి మోకాళ్ల నొప్పులు తెప్పించాను; ఆ బాధ నన్ను ఇంకా వదల్లేదు.

కండరం చప్పున సాగి వెంటనే ముడుచుకుంటేనే 2.24 మీటర్ల నెట్ పైకి చేయి లేచే ఊపు వస్తుంది. అయితే దిగేటప్పుడు మోకాళ్లు లోపలికి వాలడం, ఆ కీలులో ఎముకలను కలిపి ఉంచే పట్టీ (లిగమెంటు) తెగడం అబ్బాయిల కంటే ఎదిగే అమ్మాయిలలోనే ఎక్కువ. అందుకే ఇప్పుడు 30 సెంటీమీటర్ల పెట్టె మీది నుంచి చప్పుడు కాకుండా, మోకాలు కాలివేళ్ల వరుసలోనే వంగేలా దిగడం వచ్చాకే ఎగరమంటున్నాను. అదీ వారానికి రెండే రోజులు, మధ్యలో కనీసం 48 గంటల విరామంతో.

ఆర్.కె. బీచ్ ఇసుక, దిగేటప్పుడు తగిలే దెబ్బను తగ్గిస్తుంది గానీ, పాదం కూరుకుపోయి ఊపు చచ్చిపోతుంది కనుక గట్టి నేల మీద సాధన కూడా తప్పదు.