పంపుకు కాళ్ళున్నాయా సార్?

నా చిన్నప్పటి సైనికుడి బొమ్మను బాగుచేసి ఫొటో తీయాలనుకున్నాను. బొమ్మ దొరకడం పెద్ద కష్టం కాలేదు. సంక్రాంతికి తెనాలి వెళ్ళినప్పుడు అటక మీద హార్లిక్స్ సీసాలో, గోళీల మధ్య కనబడింది. కాకపోతే రెండు ముక్కలుగా ఉంది. నడుం పైది వేరు, కిందది వేరు.

తొంభైల్లో పెరిగినవాళ్ళకు చెప్పక్కర్లేదు, ఫన్‌స్కూల్ అనే బొమ్మల కంపెనీ వాళ్ళ జీ.ఐ.జో సైనికుల బొమ్మలు. 1964లో అమెరికాలో హాస్‌బ్రో కంపెనీ వీటిని మొదలుపెట్టినప్పుడు ఆ సైనికుడు అడుగు పొడవుండేవాడు. మగపిల్లలు ‘డాల్’ అంటే కొనరని ‘యాక్షన్ ఫిగర్’ అన్నారు. 1982లో మూడు ముప్పావు అంగుళాలకు కుదించారు. మనకు అలవాటైంది ఆ చిన్న సైజే. నాది వాళ్ళలో బీచ్ హెడ్ అనే సైనికుడు. తలకు పచ్చ ముసుగు, కళ్ళ దగ్గర మాత్రం సందు. తుపాకీ ఎప్పుడో పోయింది. బొటనవేలు మా తమ్ముడు కొరికేశాడు, వాడు ఇప్పటికీ ఒప్పుకోడు.

వీటి రహస్యమంతా ఒక నల్ల రబ్బరు రింగులో ఉంది. వీపు మీద స్క్రూ విప్పితే ఛాతీ రెండు చిప్పలుగా వస్తుంది. కాళ్ళను కలిపే ఇనుప కొక్కేనికి, ఛాతీ లోపలి బొడిపెకు మధ్య ఆ రింగును సాగదీసి తగిలిస్తారు. ముప్పై ఏళ్ళకు రబ్బరు ఎండి పుటుక్కున తెగుతుంది. మిగతా మనిషి మాత్రం బాగానే ఉంటాడు.

ముందు గ్యాస్ అబ్బాయిని అడిగి ఒక వాషర్ తీసుకున్నాను. లావు. స్క్రూ మూసుకోలేదు. ఆన్‌లైన్‌లో ఆ రింగుకు ఒకాయన చెప్పిన రేటుకు కొత్త బొమ్మే వస్తుంది. ఇక శనివారం పొద్దున్నే సికింద్రాబాద్ రాణిగంజ్ వెళ్ళాను. బేరింగులు, ఆయిల్ సీళ్ళు, పంపుల సామాను, అన్నీ అక్కడే కదా.

కొట్టు ముందు బోరు మెకానిక్‌లు వరసగా నిలబడి ఉన్నారు. నా వంతు వచ్చింది.

“ఏ మోటరుకు సార్?”

బొమ్మకి అనడానికి నోరు రాలేదు. “చిన్న పంపుకండీ” అన్నాను.

“ఎన్ని హెచ్‌పీ?”

చదివింది ఇంజనీరింగే. అయినా గుటకలు మింగాను. “అర” అన్నాను.

“శాంపిల్ తెచ్చిన్రా?”

తెచ్చాను. తెగిన రింగు ఇంకా కొక్కేనికే అంటుకుని ఉంది. ఊడదీస్తే పొడి అయిపోతుందని కాళ్ళతో సహా కవర్లో వేసుకొచ్చాను. గత్యంతరం లేక తీసి కౌంటర్ మీద పెట్టాను. రెండు కాళ్ళు, బూట్లతో సహా, ఆయన బిల్లు పుస్తకం పక్కన.

ఆయన కళ్ళజోడు పైకి నెట్టి చూశాడు. “అరే ఛోటూ, ఇటు రా. సార్ పంపుకు కాళ్ళున్నయ్!”

కొట్టంతా నవ్వింది. వెనకాయన భుజం మీదుగా వంగి మరీ చూశాడు. “బాబుదా సార్?” అని జాలిగా అడిగాడు. అవునన్నాను. నాకున్నది ఒక్కతే కూతురు, అది ఈ బొమ్మ వంక కన్నెత్తి కూడా చూడదు. ఆ అబద్ధం ఇప్పుడు తలుచుకున్నా చెవులు వేడెక్కుతాయి. చివరికి “విడిగ ఇయ్యం, వంద పాకెట్ తీస్కో” అని పంపించేశారు.

నలభై దాటినవాడు కారుకు అలాయ్ వీల్స్ వేయిస్తే టేస్టున్న మనిషి. బొమ్మకు రబ్బరు వేయిస్తే పిచ్చోడు. ఆ నవ్వినవాళ్ళలో ఎంతమంది తమ చిన్నప్పటి వస్తువు ఒక్కటైనా దాచుకున్నారో చూపించమనండి. నేను దాచుకున్నాను. గోళీలు కూడా ముప్పై ఏడున్నాయి.

బండి తీస్తుంటే ఛోటూ పరిగెత్తుకొచ్చాడు. గుప్పిట్లో మూడు రింగులు, మూడు సైజులు. “సేట్‌కు చెప్పకు అన్నా. తలకాయ ఏది?” జేబులోంచి పై సగం తీసి చూపించాను. ఫొటో పంపమని నంబరిచ్చాడు.

మధ్య సైజు అతికినట్టు సరిపోయింది. మీరూ చేస్తే ఒకటే జాగ్రత్త. స్క్రూ బిగించే ముందు దాన్ని వెనక్కి తిప్పండి, పాత మరలో ‘టక్’మని పడుతుంది, అప్పుడు ముందుకు తిప్పండి. లేకపోతే స్క్రూ ప్లాస్టిక్‌లో కొత్త మర కోసుకుని వీపు పగులుతుంది. శాంపిల్ తీసుకెళ్ళేటప్పుడు కాళ్ళు ఇంట్లో పెట్టి వెళ్ళండి.

ఫొటోలకు మా వీధిలో కట్టే ఇంటి ముందున్న ఇసుక కుప్ప చాలు. ముందు తీసినవాటిలో ఒక్కో రేణువూ బీచ్ హెడ్ బూటు పక్కన బండరాయిలా పడింది. ఇసుక జల్లించడానికి ఇంట్లో జల్లెడ అడిగితే “పిండి జల్లెడా?” అని మా ఆవిడ చూసిన చూపు రాణిగంజ్‌కు తీసిపోదు. పొద్దున ఆరున్నరకు, ఎండ ఏటవాలుగా ఉన్నప్పుడు, ఫోన్‌ను తలకిందులు చేసి లెన్స్ ఇసుకకు ఆనేలా పెట్టాను. అంతే, మూడు ముప్పావు అంగుళాల మనిషి దిబ్బ ఎక్కి నిలబడ్డట్టు వచ్చాడు. పోర్ట్రెయిట్ మోడ్ జోలికి పోవద్దు, చేతి అంచులు తినేస్తుంది. నలభై తీస్తే ఒకటి కుదిరింది. ముసుగు సందులో కళ్ళు, ముక్కు దగ్గర రంగు రాలిన చోటు, బొటనవేలు లేని పిడికిలి, అన్నీ స్పష్టంగా ఉన్నాయి.

దాన్నే ఛోటూకు పంపాను. రెండు నిమిషాల్లో జవాబొచ్చింది.

“తుపాకి ఏదన్నా?”