మిగతా మచ్చలు తగ్గాయి, అదొక్కటే తగ్గలేదు

సొరియాసిస్ నాకు చిన్న వయసు నుంచీ ఉంది, దురదా పొట్టు రాలడం అన్నీ అలవాటైపోయాయి. అయితే పిక్క మీద మచ్చ ఒకటి ఎంత స్టెరాయిడ్ ఆయింట్‌మెంట్ రాసినా లొంగట్లేదు, పక్కనున్నవన్నీ పల్చబడుతుంటే అది మాత్రం గట్టిపడి అంచు పైకి లేచి, గోకకపోయినా రక్తం వస్తోంది. డాక్టర్ గారికి చూపిస్తే ఆవిడ ఆయింట్‌మెంట్ మార్చకుండా నేరుగా బయాప్సీ చేశారు, అంటే చిన్న ముక్క తీసి పరీక్షకి పంపారు. ఆ ఒక్క నిర్ణయానికి ఆవిడకి ఎన్ని దండాలు పెట్టినా తక్కువే. స్క్వామస్ సెల్ కార్సినోమా, అంటే ఒక రకం చర్మ క్యాన్సర్ అని తేలింది.

నేను ఏళ్ల తరబడి పూవా తీసుకున్నా, అంటే సొరాలెన్ మాత్ర వేసుకుని యూవీఏ లైట్ ముందు నిలబడటం. సెషన్లు వందల్లోకి వెళ్తే ఈ రకం క్యాన్సర్ రిస్క్ బాగా పెరుగుతుందట, తర్వాత వాడిన సైక్లోస్పోరిన్ (రోగనిరోధక శక్తిని అణిచే మందు) దాన్ని ఇంకా పెంచుతుందట. అప్పట్లో నన్ను నలుగురిలో తిరగనిచ్చింది కూడా ఆ ట్రీట్‌మెంటే, దాన్ని తిట్టుకోలేను.

అసలు చిక్కు తర్వాత మొదలైంది. ఒక జబ్బుకి మందు వేస్తే రెండోది రేగుతుంది. పైపైన ఉండే క్యాన్సర్లకి వాడే ఇమిక్విమోడ్ క్రీమ్ సొరియాసిస్‌ని ఎగదోస్తుంది, ముదిరిన వాటికి ఇచ్చే ఇమ్యునోథెరపీ, అంటే రోగనిరోధక శక్తిని క్యాన్సర్ మీదికి ఉసిగొల్పే మందులు కూడా అంతే చేయొచ్చు. అందుకే చర్మం డాక్టరూ క్యాన్సర్ డాక్టరూ కలిసి మాట్లాడుకోవాల్సిందే అని నేను పట్టుబట్టా, ప్రతి పేషెంటూ పట్టుబట్టాలి.

నాకు మోస్ సర్జరీ చేశారు. పొరపొరగా తీసి, ప్రతి పొర అంచుల్నీ అప్పటికప్పుడే మైక్రోస్కోప్ కింద చూసి, క్యాన్సర్ కణాలు కనబడకుండా పోయేంత వరకూ తీస్తారు. గాయం మానింది అనుకునేలోపు కుట్ల గీత వెంబడే ఎర్రగా పొట్టు లేచింది, మళ్ళీ వచ్చిందేమో అని ఆ రాత్రి నిద్రలేదు. తీరా చూస్తే సొరియాసిస్సే, చర్మానికి దెబ్బ తగిలినచోట అది కొత్తగా పుట్టడాన్ని కోబ్నర్ అంటారట, ముందే చెప్పుంటే అంత ఏడ్చేదాన్ని కాదు.

సైక్లోస్పోరిన్ ఆపేసి అసిట్రెటిన్ అనే మందు ఇచ్చారు, ఇది సొరియాసిస్‌కి పనిచేస్తూనే, వాడినంతకాలం కొత్త స్క్వామస్ క్యాన్సర్లని కొంత అడ్డుకుంటుంది. పెదాలు పగిలిపోతున్నాయి, భరించొచ్చు. గర్భం వచ్చే అవకాశం ఉన్నవాళ్ళకి మాత్రం ఇది ప్రమాదం, ఆపాక కూడా మూడేళ్ళు గర్భం రాకూడదు. చెకప్‌కి వెళ్ళినప్పుడల్లా గజ్జల్లో లింఫ్ గ్రంథులు తడిమి చూస్తారు, మాట వినని మచ్చ ఏదైనా కనిపిస్తే బయాప్సీ చేయమని ఇప్పుడు నేనే అడుగుతున్నా.