మూడక్షరాల మాట

మా పెళ్లి అవసరం కోసం జరిగింది. నా మొదటి భార్య పోయేనాటికి పాపకి మూడేళ్లు. నేను రెండో పెళ్లి చేసుకున్న ఆమెకేమో తండ్రి పోయాక తలదాచుకోవడానికి చోటు లేదు. పెళ్లికి ముందే చెప్పాను, "పాపని బాగా చూసుకో, చాలు. నా దగ్గర ఇంకేమీ ఆశించొద్దు" అని. "సరేనండీ" అంది. తొమ్మిదేళ్లు ఆ మాట మీదే నడిచాం. తిట్టలేదు, కొట్టలేదు, ఖర్చులకి డబ్బు ఏ నెలా ఆపలేదు. నా బాధ్యత అంతటితో తీరిందనుకున్నాను. ఆమెతో ఏదైనా చెప్పాలన్నా "మీ అమ్మకి చెప్పు" అని పాప చేతే చెప్పించేవాణ్ణి. పేరు పెట్టి పిలిచిన గుర్తు లేదు.

జబ్బు అరికాళ్ల తిమ్మిరితో మొదలైంది. అంతకు పది రోజుల ముందు విరేచనాలు పట్టుకుని తగ్గాయి. రెండింటికీ సంబంధం ఉంటుందని నాకేం తెలుసు? మర్నాడు మెట్లెక్కుతుంటే మోకాళ్లు పట్టు తప్పాయి. మూడో రోజు చొక్కా గుండీ పెట్టుకోలేకపోయాను. నీరసమే, పడుకుంటే పోతుందన్నాను. ఆమె ఒప్పుకోలేదు. నా మాటకి ఎదురు చెప్పడం అదే మొదటిసారి.

డాక్టరు మోకాలి కింద చిన్న సుత్తితో కొడితే కాలు కదల్లేదు. వెన్నులోంచి నీరు తీసి పరీక్షిస్తే ప్రొటీన్ ఎక్కువగా ఉంది, కణాలు మామూలుగానే ఉన్నాయి. గులియన్ బారే సిండ్రోమ్, జీబీఎస్ అన్నారు. ఇన్‌ఫెక్షన్‌తో పోరాడాల్సిన రోగనిరోధక శక్తి పొరపాటున సొంత నరాల మీదే దాడి చేస్తుంది. ఇమ్యునోగ్లోబ్యులిన్ ఇంజెక్షన్లు 5 రోజులు సెలైన్‌లా ఎక్కించాలన్నారు. ఒక్క మాట చెప్పాలి. తిమ్మిరి కాళ్లలో మొదలై, రోజుల్లోనే బలం తగ్గుతూ పైకి పాకుతుంటే ఇంట్లో కూర్చోకండి. ఈ చికిత్స మొదటి రెండు వారాల్లోపు మొదలుపెడితేనే బాగా పనిచేస్తుంది.

ఊపిరి కండరాలకి పాకుతుందేమోనని అందరికీ టెన్షన్. నిండుగా గాలి పీల్చి, మళ్లీ పీల్చకుండా ఎన్ని అంకెలు లెక్కపెట్టగలనో గంట గంటకీ చూడమని డాక్టరు ఆమెకి చెప్పారు. ఆ సాయంత్రం 32 దాకా వెళ్లాను. అర్ధరాత్రికి 24. తెల్లవారుజామున 15 దగ్గరే ఆగిపోయాను. వేలికి పెట్టిన క్లిప్పు మాత్రం ఆక్సిజన్ 97 అని చూపిస్తూనే ఉంది. ఈ జబ్బులో ఆ అంకె చివరిదాకా బాగానే ఉండొచ్చని తర్వాత తెలిసింది. ఆమె క్లిప్పుని నమ్మలేదు, లెక్కనే నమ్మింది. పరిగెత్తుకెళ్లి నర్సుని పిలుచుకొచ్చింది. గంటలోపే నన్ను వెంటిలేటర్ మీద పెట్టారు.

ఆ తర్వాత 19 రోజులు నాలో కదిలినవి కళ్లు ఒక్కటే. మనసు మాత్రం పూర్తిగా మెలకువగా ఉంది. అన్నీ వినపడేవి. రెండు గంటలకోసారి పక్క తిప్పడానికి నర్సులు వచ్చినప్పుడు ఆమె అనేది, "రాత్రి ఆఖరుసారి ఎడమ పక్కకి తిప్పండమ్మా, ఆయనకి అటు తిరిగితేనే నిద్ర పడుతుంది. లైటు ముఖం మీద పడితే నిద్రపోలేరు." నేను ఎటు తిరిగి పడుకుంటానో నాకే తెలియదు.

మాట్లాడుకోవడానికి దారి కూడా ఆమే కనిపెట్టింది. అట్ట మీద వర్ణమాల రాసి తెచ్చింది. "అచ్చులా? హల్లులా? క వర్గమా? చ వర్గమా?" అని అడుగుతూ పోయేది. కావాల్సింది వచ్చినప్పుడు నేను కళ్లు పైకెత్తాలి. తర్వాత వర్గంలో అక్షరం, ఆ తర్వాత గుణింతం. ఒక్క మాటకి పది నిమిషాలు పట్టేది. విసుగు ఆమె గొంతులో ఒక్కసారీ వినపడలేదు. మొదటి రోజుల్లో నేను చెప్పినవన్నీ నా గురించే. నొప్పి. చలి. దురద.

తొమ్మిదో రోజనుకుంటా. ఆమె కళ్లు వాచి ఉన్నాయి. రాత్రిళ్లు బయట కుర్చీలోనే ఉంటోందని నర్సులు అనుకుంటుంటే విన్నాను. ఆ రోజు ప వర్గం దగ్గర కళ్లెత్తాను. ప. తర్వాత డు. తర్వాత కో.

"పడుకోబెట్టాలా? నడుం నొప్పా?" అని కంగారుగా నర్సుని పిలిచింది. మంచం తల వైపు దించారు. నేను కళ్లు మూసుకుని, మళ్లీ మొదలుపెట్టాను. త వర్గం, ఐదో అక్షరం, ను. అంతవరకే వచ్చాం. ఆమె చెయ్యి అట్ట మీద ఆగిపోయింది.

"నేనా?" అంది.

కళ్లెత్తాను. ఆమె చాలాసేపు ఏమీ అనలేదు. అట్టని జాగ్రత్తగా సంచిలో పెట్టుకుని, నా చేతి మీద చెయ్యి వేసి కూర్చుంది. ఆ చేతిని నేను కదిలించలేను. స్పర్శ మాత్రం తెలుస్తోంది. తొమ్మిదేళ్లలో ఆమె గురించి నేను అన్న మొదటి మాట అదేనని, అందుకే తనకి అర్థం కాలేదని, అప్పుడు తెలిసింది. నీళ్లు కారితే తుడుచుకోలేని కళ్లు నావి. ఆమే తుడిచింది.

పోయినంత వేగంగా బలం తిరిగి రాలేదు. మొదట భుజాలు, తర్వాత చేతులు, అన్నిటికన్నా చివర పాదాలు. రాత్రిళ్లు నరాలు కాలినట్టు మండేవి. అయిదు నెలలు వాకర్‌తో నడిచాను. ఏడాది కావస్తుండగా కర్ర కూడా వదిలేశాను. ఇప్పటికీ సాయంత్రానికి కాళ్లు బరువెక్కుతాయి. ఆమెని పేరు పెట్టి పిలవడం అలవాటు కావడానికీ అంతకాలం పట్టింది, ఇద్దరికీ.

మొన్న ఆమెకి జ్వరం వచ్చింది. మందు వేసి, పక్క సర్ది, స్విచ్చు దగ్గర నిలబడిపోయాను.

"లైటు ఉంచనా, తీసేయనా?" అని అడిగాను.

"ఉంచండి," అంది. "నాకు చీకటంటే చిన్నప్పటి నుంచీ భయం."

ఇన్నేళ్లూ నా కోసం చీకట్లోనే పడుకుంది.