పని పోయిందా, ప్రోటీనే పోయిందా?

ఫలానా మ్యుటేషన్ (జన్యువులో మార్పు) వల్ల ఎంజైమ్ పని 10 శాతానికి పడిపోయిందంటే అందులో రెండు అర్థాలున్నాయి. ప్రోటీన్ నిండుగా ఉండి పని మందగించి ఉండొచ్చు. లేదా, ఉన్న కాస్త ప్రోటీన్ చక్కగానే పనిచేస్తూ, మిగతాది మడత కుదరక కణంలోనే నాశనమై ఉండొచ్చు.

సికిల్ సెల్ వ్యాధిలో హిమోగ్లోబిన్‌లో భాగమైన బీటా గ్లోబిన్ జన్యువులో ఒక కోడాన్ (ఒక అమైనో ఆమ్లాన్ని సూచించే మూడక్షరాల గుర్తు) జీఏజీ కాస్తా జీటీజీ అవుతుంది. ప్రోటీన్‌లో 6వ స్థానంలోని అమైనో ఆమ్లం గ్లుటామిక్ ఆమ్లం పోయి వాలీన్ వస్తుంది. (మొదటి మెథియోనిన్‌ని కూడా లెక్కించే నేటి పద్ధతిలో అది 7వది. రెండు అంకెలూ కనిపిస్తే కంగారుపడొద్దు.) ఇక్కడ ప్రోటీన్ తయారవుతుంది, మడతపడుతుంది, ఆక్సిజన్ మోస్తుంది. ఆక్సిజన్ వదిలాక ఒకదానికొకటి అతుక్కుని పోగులు కడుతుంది, అదే చిక్కు. సిస్టిక్ ఫైబ్రోసిస్‌లో ఎక్కువగా కనిపించే మార్పు దీనికి పూర్తిగా వేరు. కణపొరలో ఉండి పనిచేసే సీఎఫ్‌టీఆర్ ప్రోటీన్‌లో 508వ అమైనో ఆమ్లం ఫినైల్ అలనీన్ ఊడిపోతే ప్రోటీన్ సరిగ్గా మడతపడదు, కణపొర చేరకముందే కణం దాన్ని తుంచేస్తుంది. కణాలను 27 డిగ్రీల దగ్గర పెంచితే కొంత పొర దాకా చేరుతుంది. అంటే మొదటి లోపం మడతలోనే.

ఈ తేడా ప్రయోగశాలలో తేల్చాలంటే ముందు మ్యుటేషన్ పెట్టాలి. 25–45 బేస్‌ల (డీఎన్ఏ అక్షరాల) ప్రైమర్లు, అంటే కాపీ మొదలెట్టించే చిన్న డీఎన్ఏ ముక్కలు తీసుకుని మార్పును నడిమధ్యలో ఉంచండి. పీసీఆర్ (గొట్టంలో డీఎన్ఏను కాపీ చేయడం) అయ్యాక డీపీఎన్1 అనే డీఎన్ఏ కోసే ఎంజైమ్‌తో 37 డిగ్రీల వద్ద గంటసేపు పాత ప్లాస్మిడ్‌ను (జన్యువును మోసే గుండ్రటి డీఎన్ఏను) కోయాలి. ఇది మిథైల్ గుర్తున్న డీఎన్ఏనే కోస్తుంది. ఆ గుర్తు వేసే డ్యామ్ ఎంజైమ్ లేని బ్యాక్టీరియా నుంచి ప్లాస్మిడ్ తీసి ఉంటే ఏదీ తెగదు, ప్లాస్మిడ్‌ను బ్యాక్టీరియాలోకి పంపాక వచ్చే కాలనీలు (బ్యాక్టీరియా గుంపులు) చాలావరకు పాతవే. పాలిమరేజ్ (డీఎన్ఏను కాపీ చేసే ఎంజైమ్) వేయని గొట్టం ఒకటి పక్కన నడపండి, దాంట్లోనూ బోలెడు కాలనీలొస్తే కోత కుదరలేదన్నమాట. మార్చిన చోటు ఒక్కటే కాదు, జన్యువు మొత్తం సీక్వెన్స్ చేయించాలి. పాలిమరేజ్ తప్పులు పిలవకుండానే వస్తాయి.

కణాలు పగలగొట్టి సెంట్రిఫ్యూజ్ చేశాక పైతేటనే (పైన తేరిన ద్రవాన్నే) ప్రోటీన్లను వేరుచేసే జెల్ మీద నడపడం చాలామంది చేసే పొరపాటు. అడుగు ముద్దనూ పక్కనే నడపండి. బ్యాండ్ అంతా ముద్దలోనే ఉంటే మడత చెడిందని అనుమానించండి, పెంపకం 18 డిగ్రీలకు తగ్గించి మళ్లీ చూడండి. శుద్ధి చేసిన ప్రోటీన్‌ను 2–5 మైక్రోమోలార్ తీసుకుని, విప్పుకున్న ప్రోటీన్‌కు అంటుకుని వెలిగే సైప్రో ఆరెంజ్ రంగు కలిపి, 25 నుంచి 95 డిగ్రీల దాకా నిమిషానికి డిగ్రీ చొప్పున వేడిచేస్తే కరిగే బిందువు (ప్రోటీన్ మడత విప్పుకునే ఉష్ణోగ్రత) దొరుకుతుంది. మొదట్నుంచే వెలుగు ఎక్కువగా ఉంటే ప్రోటీన్ ముందే విప్పుకునైనా ఉండాలి, బఫర్‌లో డిటర్జెంట్ అయినా మిగిలుండాలి. ఎంజైమ్ వేగం కొలిచేటప్పుడు సమాన ఘనపరిమాణం కాదు, సమాన మోతాదు ప్రోటీన్ వేయాలి. లేకపోతే మొదటి ప్రశ్న మళ్లీ మొదటికే వస్తుంది.

300 అమైనో ఆమ్లాల ప్రోటీన్‌లో ఒక్కో స్థానానికి 19 మార్పులు, మొత్తం 5,700. ఒక్కొక్కటిగా ఇవన్నీ చేయలేం. అందుకే అన్నిటినీ ఒకే గుంపుగా కణాల్లోకి పంపి, వడపోతకు (పని పోయిన మార్పులున్న కణాలు తగ్గిపోయే పరీక్షకు) ముందూ తర్వాతా ఏది ఎంత ఉందో సీక్వెన్సింగ్‌తో లెక్కిస్తారు. మొదట్లోనే నాలుగైదు రీడ్‌లే (సీక్వెన్సింగ్‌లో కనబడిన సార్లే) ఉన్న మార్పు గురించి వచ్చే స్కోరును నేను నమ్మను.

ఇంకో లొసుగు, ఇంట్రాన్లు (జన్యువులో ప్రోటీన్‌గా మారని మధ్య ముక్కలు) లేని సీడీఎన్ఏ, అంటే ఆర్ఎన్ఏ నుంచి తయారుచేసిన డీఎన్ఏ వాడితే, ఆ ముక్కల్ని ఆర్ఎన్ఏ నుంచి కత్తిరించి మిగతాది అతికే స్ప్లైసింగ్‌ను చెడగొట్టే మార్పులు నిర్దోషులుగా కనిపిస్తాయి. 2018లో రొమ్ము క్యాన్సర్‌తో ముడిపడ్డ బీఆర్‌సీఏ1 జన్యువు మీద దాదాపు 4,000 మార్పులను జీనోమ్‌లోనే పెట్టి పరీక్షించినప్పుడు ఆర్ఎన్ఏనూ కొలిచారు. అమైనో ఆమ్లం మారడం వల్లే పని పోయిందనిపించే మార్పుల్లో కొన్నింటికి అసలు ఆర్ఎన్ఏయే తగ్గిపోయి ఉంది.