అక్షింతలు పడ్డ వీపులు

ఆదివారం, రాత్రి పదిన్నర

చిన్నాన్న మనవరాలి పెళ్ళికి వెళ్ళి ఆరింటికి ఇల్లు చేరాం. హాలు కర్మన్‌ఘాట్ వైపు. కూకట్‌పల్లి నుంచి ఎల్‌బీ నగర్ దాకా మెట్రో, అక్కణ్ణుంచి ఆటో. బయల్దేరేటప్పుడే మా ఆవిడ అంది, "అక్కడ ఫొటోగ్రాఫర్లు ఉంటారు కదండీ, మీకెందుకా బరువు?" అని. కోఠిలో సెకండ్ హ్యాండ్‌లో కెమెరా కొని రెండు నెలలైంది. ఆఫీసు, ఇల్లు తప్ప వేరే ఏదీ తీయలేదు. పెళ్ళికి కాకపోతే ఇంకెక్కడికి తీసుకెళ్ళాలి?

ముహూర్తం 10 గంటల 48 నిమిషాలకి. జీలకర్ర బెల్లం వేళకి అందరం స్టేజీ ముందు చేరాం. కెమెరావాళ్ళు అప్పటికే పైకెక్కి ఉన్నారు. ఫొటోలకి ఇద్దరు, క్యాండిడ్ పేరుతో ఇంకొకతను, వీడియోకి ఇద్దరు, కర్రకి కట్టిన లైటు పట్టుకుని ఒక కుర్రాడు. తెర దించే సమయానికి మాకు కనిపించినవి ఆరు వీపులు. అందులో రెండిటి మీద వాళ్ళ స్టూడియో పేరు కూడా ఉంది. స్టేజీ పదడుగుల దూరంలో ఉంటే, పెళ్ళికూతురి మొహం పక్కనున్న ఎల్‌ఈడీ స్క్రీన్‌లో చూసుకున్నాం. మనం వేసిన అక్షింతల్లో సగం ఆ వీపుల మీదే పడ్డాయి. ఒకాయన కాలర్లోకి కూడా పోయినట్టున్నాయి, పాపం, భుజాలు ఎగరేస్తూ క్లిక్కులు కొట్టాడు.

మంగళసూత్రం దగ్గర మరీ విడ్డూరం. రెండో ముడి వేస్తుంటే పెద్ద ఫొటోగ్రాఫర్ చెయ్యెత్తి ఆపాడు. "అక్కడే ఉంచండి, ఇటు చూడండి, కొంచెం నవ్వండి." పెళ్ళికొడుకు చేతులు గాల్లోనే ఉండిపోయాయి. "ముహూర్తం నీ కోసం ఆగదు నాయనా" అన్నారు పంతులుగారు. అతను వినిపించుకోలేదు. భజంత్రీలు మాత్రం వాయిస్తూనే ఉన్నారు, వాళ్ళని ఆపడం ఎవరివల్లా కాదు.

నేనూ ఒక మెట్టెక్కి తీయబోయాను. "అంకుల్, ఫ్రేములోకి వస్తున్నారు, జరగండి" అన్నాడు ఆ పెద్ద ఫొటోగ్రాఫర్, నా వైపు చూడకుండానే. జరిగాను. నాకు యాభై రెండు, అంకుల్ అన్నందుకు బాధ లేదు. పక్కనున్న ఒక పెద్దాయన్ని, బహుశా పెళ్ళికొడుకు తాతగారు కావచ్చు, అదే గొంతుతో కుర్చీలోంచి లేపించాడు. అది మాత్రం బాగాలేదు.

తలంబ్రాలయ్యాక కాస్త ఖాళీ దొరికింది. నా ఫొటోల్లో అడ్డంగా నల్లటి చారలొస్తున్నాయి. ఆ పెద్ద ఫొటోగ్రాఫర్‌కే చూపించి ఎందుకిలా అని అడిగాను. ఫొటో చూడలేదు, కెమెరా చూశాడు. "కెమెరాతో వచ్చిన కిట్ లెన్సా? దీంతో ఇంతే అంకుల్" అని వెళ్ళిపోయాడు. పద్దెనిమిది వేలు పోశానే అనుకుంటూ నిలబడ్డాను.

లైటు పట్టుకున్న కుర్రాడు ఇదంతా విన్నాడు. పొద్దున్నుంచి వాడు తిన్న తిట్లు అన్నీ ఇన్నీ కావు. లైటు కాస్త దిగితే "బుర్ర ఉందా?", పైకెత్తితే "మొహం కాల్చేస్తావా?". పందొమ్మిదేళ్ళు ఉంటాయేమో. నా దగ్గరికొచ్చి మెల్లిగా చెప్పాడు. "సార్, మీ షటర్ 1/250లో ఉంది. ఈ స్టేజీ లైట్ల కింద చారలొస్తాయి. 1/100కి దించండి." మార్చి కొట్టి చూశాను. చారలు పోయాయి! మన కరెంటు 50 హెర్ట్జ్, కాబట్టి ఇలాంటి లైట్లు సెకనుకి 100 సార్లు హెచ్చుతగ్గులవుతాయి. షటర్ సెకనులో 1/100 వంతు తెరిచి ఉంటే ఒక విడత మొత్తం పడుతుంది, 1/250 వంతైతే ముక్కే పడుతుంది. డిప్లొమాలో చదివి పరీక్ష రాసినవాణ్ణి, నాకు తట్టాల్సింది. తప్పు లెన్సుది కానే కాదు.

"నీకెవరు నేర్పారు?" అన్నాను. "ఎవరూ నేర్పలేదు సార్. అన్న కెమెరా పెట్టుకునేటప్పుడు పక్కనుంచి చూస్తుంటా" అన్నాడు.

రెండున్నరకి భోజనాల దగ్గర ఆ అన్న, అదే ఆ పెద్ద ఫొటోగ్రాఫర్, కనిపించాడు. చార్జింగ్ పాయింటు పక్కన కింద కూర్చుని, బ్యాటరీలు చార్జింగ్‌కి పెట్టి, చల్లారిన పులిహోర తింటున్నాడు. రాత్రి సంగీత్ ఒంటి గంట దాకా, మళ్ళీ నాలుగింటికి మంగళస్నానాలు. "తెర దించేటప్పుడు చూశారా అంకుల్, ముప్పై ఫోన్లు లేచాయి. ఆ ఫొటో మిస్సయితే బ్యాలెన్స్ డబ్బులు ఇవ్వరు. అందుకే పైకెక్కుతాం" అన్నాడు. ఆ ముప్పైలో ఒక చెయ్యి నాది. ఒప్పుకోక తప్పదు. కుర్రాణ్ణి అన్ని తిట్లెందుకని అడిగితే, తనూ అలాగే నేర్చుకున్నానన్నాడు. తిట్లు కాక ఇంకేం నేర్చుకున్నాడో అడగాలనిపించింది. తినేవాణ్ణి కదపడమెందుకని ఊరుకున్నాను.

అప్పగింతల ముందు స్టేజీ వెనక కిటికీ దగ్గర చిన్నమ్మ ఒక్కతే కూర్చుని ఉంది. ఒళ్ళో మనవరాలు విప్పేసిన పూలజడ. కొంగుతో కళ్ళు ఒత్తుకుంటోంది. వెలుతురు ఒక చెంప మీద పడుతోంది. ఆలోచించలేదు, కొట్టేశాను. చప్పుడు విని కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. "ఏడుపు మొహం ఎందుకురా తీస్తావు?" అంది. "అయిపోయింది చిన్నమ్మా" అని నవ్వేసి పక్కకొచ్చాను.

మెట్రోలో కూర్చున్నాక పాతకాలపు ఫొటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ గుర్తొచ్చాడు. నేను ఆర్ అండ్ బీలో పనిచేస్తాను, ఆయన ఇండోర్‌లో పబ్లిక్ వర్క్స్ ఉద్యోగి, అందుకని ఆయనంటే నాకు మా డిపార్ట్‌మెంటు మనిషన్న అభిమానం. ఉద్యోగం చేస్తూనే ఫొటోలు నేర్చుకుని, ఆరో నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్ అయ్యాడు. పరదాలో ఉండే ఆడవాళ్ళు మగవాడి ముందు కూర్చోరని 1892లో ఇక్కడే వాళ్ళ కోసం వేరే జెనానా స్టూడియో పెట్టి, ఒక ఇంగ్లీషామెకి అప్పగించాడు. వ్యాపారమేలెండి, వచ్చేది గొప్పింటివాళ్ళే. అయినా కెమెరా ముందు కూర్చునే మనిషి ఇబ్బంది ఏమిటో ముందు ఆలోచించాడు. నేను చిన్నమ్మని ఒక్క మాట కూడా అడగలేదు.

ఇప్పుడు కార్డు చూస్తున్నాను. మొత్తం 212 ఫొటోలు. ముహూర్తానివన్నీ చారలే. చారలు లేనివాటిలో సగం వీపులు. ఒక దాంట్లో లైటు కుర్రాడు పడ్డాడు, కర్ర భుజాన పెట్టుకుని ఆవలిస్తూ. పేరు కూడా అడగలేదు వాణ్ణి.

అన్నిట్లోకీ బాగా వచ్చింది చిన్నమ్మ ఫొటోనే. మా ఆవిడ చూసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టమంది. రేపు చిన్నమ్మకి ఫోన్ చేసి అడగాలి. ఇప్పుడు పడుకుని ఉంటుంది.